తేదీ లేని తుపాను

మొన్నామధ్య బాపట్లలో, స్థానిక చానళ్లలో పనిచేసే కుర్రవాళ్లు కొందరు ఒక కల్యాణమండపం మేడ మీద సమావేశం పెట్టుకుని నన్నూ పిలిచారు. మన చానళ్ల వెబ్‌సైట్లను బాగుచేసుకోవడం ఎలా అన్నది విషయం. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చాలా చెప్పారు. పేజీ ఎంత వేగంగా తెరుచుకోవాలి, వీడియో ఎంత పొడవుండాలి, ఫోన్లో అక్షరాలు ఎంత పెద్దగా కనిపించాలి. అన్నీ నిజాలే. నా వంతు వచ్చింది. మైకు దగ్గరికి వెళ్లి, "ప్రతి వార్త మీదా తేదీ వెయ్యండి. పైన, పెద్దగా వెయ్యండి" అని చెప్పి వచ్చి కూర్చున్నాను.

వెంటనే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంకేదో చెబుతాననుకున్నారు పాపం. భోజనాల దగ్గర ఒక అమ్మాయి నా పక్కన చేరి, "అంతేనా మేడం? ఇంకేం లేదా?" అని అడిగింది. ఉంది. కానీ విస్తట్లో గోంగూర పెట్టుకుని చెప్పే సంగతి కాదది. పైగా నలుగురిలో ఏడుస్తానేమోనని భయం వేసింది. అందుకని ఇంటికొచ్చి ఇలా రాస్తున్నాను. ఆ అమ్మాయిలాంటి వాళ్లు చదివితే చాలు.

తెనాలిలో ఒక కేబుల్ చానల్లో నేను చాలా ఏళ్లు వార్తలు చదివాను. సాయంత్రం ఏడింటి వార్తలు. మున్సిపాలిటీ గొడవలు, కాలవలకు నీళ్లు వదలడం, మినుము రైతుల ధర్నా, కొలకలూరులో తగలబడిన గడ్డివాము, ఇవే నా ప్రపంచం. కూరగాయల మార్కెట్‌కు వెళితే, "టీవీలో కంటే బయటే సన్నగా ఉన్నారండి" అని ఒకరు, "బయటకంటే టీవీలోనే బాగుంటారండి" అని ఇంకొకరు అనేవాళ్లు. ఇద్దరి దగ్గరా వంకాయలు ఒకే ధర.

తర్వాత నాకు జుట్టు నెరిసింది. రంగు వేసుకోమన్నారు, వేసుకోనన్నాను. నా కుర్చీలోకి ఒక చిన్నపిల్ల వచ్చింది, నన్ను వెబ్‌సైట్‌కు మార్చారు. మొహం పాతబడితే మొహం కనపడని చోటికి పంపుతారన్న మాట. కోపం వచ్చింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ వెబ్‌సైట్ ఏమిటో చూశాను.

చూస్తే నవ్వొచ్చింది. పేజీ తెరవగానే దండలు వేసుకున్న నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు అడ్డంగా పరిగెత్తేవి. వాటిని ఒక్కొక్కటీ మూసుకుంటూ వెళితే కింద వార్త. ఆ వార్త కూడా ఎవరూ రాసింది కాదు, సాయంత్రం టీవీలో చదవడానికి టైపు చేసినదాన్నే ఉన్నదున్నట్టు ఎత్తి అక్కడ పెట్టేవారు. మొదట్లో "నమస్కారం", మధ్యలో "ఇప్పుడు చిన్న విరామం", చివర్లో "సెలవు" అన్నీ ఉండేవి. భట్టిప్రోలు దగ్గర ఆటో బోల్తా పడిన వార్త సగం చదివేసరికి విరామం వచ్చేది. చదివేవాడు ఏం చెయ్యాలి, లేచి మంచినీళ్లు తాగి రావాలా?

అవన్నీ ఒక్కొక్కటే తీసేశాను. ఒక్కటి మాత్రం తియ్యలేకపోయాను, అదే "ఈరోజు" అన్న మాట. టీవీలో ఆ మాటకు ఇబ్బంది లేదు. సాయంత్రం ఏడింటికి నేను కనపడి "ఈరోజు" అంటే ఈరోజే, మర్నాటికి ఆ మాట గాలిలో కలిసిపోతుంది. వెబ్‌సైట్‌లో అలా కాదు. మూడేళ్ల కిందట పెట్టిన వార్త కూడా ఎవరు ఎప్పుడు తెరిచినా "ఈరోజు" అనే అంటుంది. పక్కన తేదీ ఉంటే బాధ లేదు. మా సైట్‌లో ఎక్కడా తేదీ లేదు.

మరిచిపోయి వదిలేశారనుకున్నాను. అడిగితే మా ఎండీ గారు తీయించేశారని తెలిసింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆ చానల్ కోసం కుర్రతనంలో తనే స్తంభాలెక్కి వైర్లు లాగిన మనిషి. ఇంట్లో పెళ్లి ఉన్నా సాయంత్రం వార్తల వేళకు ఆఫీసులో ఉండేవాడు. వెబ్‌సైట్ మొదలుపెట్టాక ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. కొత్త వార్తల కంటే పాత వార్తలే ఎక్కువమంది చదువుతున్నారు, కాకపోతే తేదీ చూడగానే వెనక్కి వెళ్లిపోతున్నారు. దాంతో తేదీ తీసేసి, ఎక్కువమంది చదివిన పాత వార్తలు వాటంతట అవే పైకొచ్చేలా పేజీ పక్కన ఒక పెట్టె పెట్టించాడు. అందులో ఎప్పుడూ ముందుండేది ఏదో గుళ్లో నాగుపాము కనపడిన వార్త. సైట్ తయారుచేసిన అబ్బాయి హైదరాబాద్‌లో ఉండేవాడు, తాళాలన్నీ అతని దగ్గరే.

"పాచికూర మీద కొత్తిమీర చల్లి వడ్డిస్తున్నామండి" అన్నాను.

ఆయన నవ్వాడు. "తినేవాళ్లు తింటున్నారు కదమ్మా! మీరు చదివిన రోజులు వేరు. ఇప్పుడు మనిషిని పేజీలో నిలబెట్టాలి. తేదీ చూస్తే నిలబడడం లేదు, నేనేం చెయ్యను చెప్పండి?"

అప్పటికి నేనూ పెద్దగా పట్టుబట్టలేదు. పాత నాగుపాము కొత్తగా కనపడితే ఎవరికి నష్టం అనుకున్నాను. ఎవరికి నష్టమో చెప్పడానికి మా వీధికి చేపలు తెచ్చే మనిషి వచ్చింది.

ఆవిడది రేపల్లె దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక పల్లెపాలెం. తెల్లారేసరికి ఆటోలో రేపల్లె చేరి, అక్కడ రైలెక్కి తెనాలి వచ్చేది. గంపలో కొయ్యింగలు, మట్టగిడసలు, కాలం కలిసొస్తే రొయ్యలు. మా ఇంట్లో చేప తినేది నేనొక్కదాన్నే అయినా మా అరుగు మీదే గంప దించేది. నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. "వార్తలమ్మా" అనేది. నేను తెరమీద కనపడడం మానేసినా ఆ పిలుపు మానలేదు.

అమ్మానాన్న పోతే తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది ఆవిడ. తమ్ముడి పొట్ట నిండాకే తన పెళ్లి సంగతి చూడమందట. ఆ పిల్లవాడు ఎదిగి ఇంజను పడవ మీద వేటకు వెళ్లేవాడు, ఇంకో ముగ్గురితో కలిసి. ఆవిడ గంపలో చేపలు అతను పట్టినవే. "మా తమ్ముడు పట్టిన చేపమ్మా, బేరమాడమాక" అని గద్దించేది. బేరమాడితే తమ్ముణ్ని తిట్టినట్టే లెక్క.

ఒకసారి ఆవిడ వరసగా కొన్నాళ్లు రాలేదు. వచ్చిన రోజు గంప దించకుండానే మొదలుపెట్టింది.

"మీ టీవీవోళ్లకి మేం ఏం అన్యాయం చేశామమ్మా?"

"ఏంటి, ఏమైంది?"

"తుపానొస్తంది, సముద్రంలోకి ఎళ్లొద్దని మీ వార్త ఫోన్లలో తిరిగింది. ఊరు ఊరంతా పడవలు ఒడ్డుకు లాక్కుని కూకుంది. గాలి లేదు, వాన లేదు. సముద్రం పాలగిన్నెలాగా ఉంది. పక్క ఊరోళ్లు ఎళ్లి రొయ్య పట్టుకొచ్చుకున్నారు. మేం ఆకాశం కేసి చూసుకుంటా కూకున్నాం."

ఆఫీసుకు వెళ్లి చూశాను. ఆ వార్త మాదే. ఎప్పుడో ఒక కార్తీక మాసంలో వచ్చిన తుపాను, నేనే టీవీలో చదివినది. ఎవరో దూరపు ఊళ్లో ఉన్నవాళ్లు ఆ పాత వార్తల పెట్టెలో చూసి, కంగారుపడి, సముద్రం ఒడ్డున ఉన్న తమవాళ్లకు పంపారు. అక్కడి నుంచి అది ఊరూరా తిరిగింది. మొదటి మాట "ఈరోజు". పైన ఒక పెద్ద అల రాతికట్టను కొడుతున్న ఫొటో. ఆ ఫొటో కూడా మాది కాదు, వాతావరణం మాట వస్తే చాలు దానంతటదే వచ్చి అతుక్కునేలా హైదరాబాద్ అబ్బాయి అమర్చిపెట్టాడు. ఏ తుపానుకైనా అదే అల.

ఎండీ గారి గదిలోకి వెళ్లి ఈసారి గట్టిగానే మాట్లాడాను. నాగుపాము వేరు, తుపాను వేరు అన్నాను. మన మాట నమ్మి పడవలు ఆపుకున్నారు, రేపు నమ్మడం మానేస్తే ఏమవుతుందో ఆలోచించండి అన్నాను. 

"సరేనమ్మా, వాతావరణం వార్తలకు తేదీ పెట్టుకోండి. కానీ లోపల పెట్టండి, చివర్లో. పైన మాత్రం వద్దు. దీనికొకటి, దానికొకటి అంటే పేజీ అందం పోతుంది."

పేజీ అందం! ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. అయినా దొరికిన కాస్తా పుచ్చుకుని వచ్చాను. పాత వార్తల్లో తేదీ పెట్టే వీలు లేదు, వాటిని తీసేసే అధికారం నాకు లేదు. హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే ఆ అబ్బాయి "చూస్తానండి" అనేవాడు. వారం పోయాక చేసినా "చూస్తానండి" అనేవాడు.

ఆ తుపాను మళ్లీ తిరిగింది. ఇంకోసారీ తిరిగింది. పల్లెపాలెంలో దానికి పేరు కూడా పెట్టారు, టీవీ తుపాను అని. పిల్లలు అబద్ధమాడితే "టీవీ తుపాను చెప్పమాక" అని కసిరేవారట. చేపలావిడ ఆ మాట చెప్పి పగలబడి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఒక రోజు గంప బరువు ఎక్కువైందని తమ్ముడు కూడా ఆవిడతో తెనాలి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎండకు కాగిన మనిషి. కొత్తగా పెళ్లయింది, చొక్కా జేబులో దువ్వెన. మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ నన్ను కాసేపు పరీక్షగా చూశాడు.

"మీరు టీవీలో గాలొస్తదని చెప్పేటప్పుడు మీ మొహంలో భయం కనపడేదండి. మా అక్క చూసి వల తియ్యమాక అనేది. ఈ ఫోన్లో ఆ అల బొమ్మకి భయం ఏముంటదండి? ఎప్పుడు చూసినా అట్టానే ఉంటది."

వెబ్‌సైట్ల గురించి నేను విన్న మాటల్లో అంత సూటి మాట ఇంకొకటి లేదు. ఆ రోజే నా సొంత ఫోన్ నంబరు అతనికిచ్చాను. "తుపాను వార్త ఫోన్లో వస్తే నాకు చెయ్యి. ఈనాటిదో కాదో నేను చెబుతాను" అన్నాను. అతను నంబరు ఎక్కించుకుని అక్కకు చూపించాడు. ఆవిడకు చదువు రాదు, అయినా ఫోన్ పట్టుకుని చూసి తలూపింది.

ఆ నంబరు ఊరంతా పాకింది. తర్వాత పక్క ఊళ్లకూ పాకింది. ఎప్పుడైనా పాత తుపాను తిరగడం మొదలుపెడితే ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు. "అమ్మా, ఇది ఇయ్యాలదేనా?" అని. "కాదు నాయనా, వెళ్లిరా" అనేదాన్ని. నిజంగా ఆనాటిదైతే "ఈనాటిదే, ఆగు" అనేదాన్ని. వెబ్‌సైట్‌కు లేని తేదీని నేనయ్యాను. నిజం చెప్పొద్దూ, అది నాకు బాగుండేది. వార్తలు చదవడం మానేశాక నా గొంతుకు మళ్లీ ఒక పని దొరికింది.

రేపల్లెలో మా విలేకరి ఒకతను ఉండేవాడు, ఫొటో స్టూడియో నడుపుకుంటూ మాకు వార్తలు పంపేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. ఒక రోజు మధ్యాహ్నం భోజనాల వేళకు ఫోన్ చేశాడు.

"అక్కా, సముద్రంలో గాలి బాగా పెరుగుద్దంట. సాయంత్రం వేటకెళ్లే పడవల్ని ఆపమని అధికారులు కబురు పెట్టారు. మైకు ఆటోలు బయల్దేరాయి. ఊరూరా తిరిగేసరికి టైం పట్టుద్ది, నువ్వు ముందు సైట్‌లో పెట్టేసెయ్."

వెంటనే పెట్టాను. వేటకు వెళ్లొద్దని శీర్షిక. లోపల, చివర్లో, నాకు అనుమతి ఉన్నచోట తేదీ, వేళ. పైన ఆ అల దానంతటదే వచ్చి కూర్చుంది. తెనాలిలో ఆ వేళకు ఆకు కదలడం లేదు, ఉక్కపోత.

వార్త ఫోన్లలోకి వెళ్లిన కాసేపటికే నాకు ఫోన్లు మొదలయ్యాయి. ఒకటి పెడితే ఇంకొకటి. "అమ్మా, టీవీ తుపానేనా?" "కాదు, ఈనాటిదే. వెళ్లకండి." "ఆకాశం బానే ఉందమ్మా." "బాగున్నా సరే, వెళ్లకండి. నామాట వినండి." ఎవరెవరో మాట్లాడారు, పేర్లు కూడా అడగలేదు. చెయ్యి నొప్పిపుట్టి ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. పక్క బల్ల దగ్గర కూర్చునే పిల్ల అన్నం డబ్బా తెచ్చి ముందు పెడితే సైగతో వద్దన్నాను. సాయంత్రానికి గాలి లేచింది. తెనాలిలో కూడా దుకాణాల బోర్డులు ఊగాయి. ఎన్ని పడవలు ఆగాయో అనుకుని, తృప్తిగా ఇంటికి వెళ్లాను. ఆ తృప్తి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పొద్దున రేపల్లె విలేకరి ఫోన్ చేశాడు. అక్కా, ఒక పడవ తిరగబడింది అన్నాడు. ఎవరని అడిగాను. చెప్పాడు.

నలుగురు వెళ్లారు. పడవ తిరగబడితే ముగ్గురు చెక్క పట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చారు. చేపలావిడ తమ్ముడు రాలేదు. ఆ పొద్దున్నే, కాస్త దక్షిణంగా ఇసుకలో దొరికాడు.

రైల్లో రేపల్లె వెళ్లి, అక్కడి నుంచి విలేకరి బండి మీద పల్లెపాలెం చేరాను. దారి పొడవునా వరిచేలు పడుకుని ఉన్నాయి. ఇంటి ముందు జనం. ఆవిడ గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను.  

ఆవిడే మొదలుపెట్టింది. "నీకు ఫోన్ చేశాడమ్మా. కలవలా. మళ్లా చేశాడు. ఎవురితోనో మాట్లాడతన్నావంట. 'వార్తలమ్మ దొరకలేదే అక్కా, బొమ్మ చూస్తే అదే బొమ్మ, టీవీ తుపానే' అన్నాడు. నవ్వుకుంటా ఎళ్లాడు."

ఆవిడ నావైపు తిరిగింది.

"ఎవురితో మాట్లాడతన్నావమ్మా అప్పుడు?"

"మీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లతోనే. ఈనాటిదే, వెళ్లొద్దని చెబుతున్నాను."

"ఆళ్లు ఆగారా?"

"ఆగారు."

ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి, "పోన్లే" అంది.

ఆవిడ తిట్టినా కొట్టినా నేను తట్టుకునేదాన్ని. ఆ పోన్లే అన్న మాటను ఇప్పటికీ మింగలేకపోతున్నాను. పిల్లలూ, ఒక మనిషి గొంతుతో నెట్టుకొచ్చేది ఏర్పాటు కాదు. ఆ గొంతు ఒకేసారి ఇద్దరితో మాట్లాడలేదు. పేజీ మీద తేదీ ఉంటే ఊరంతా ఒకేసారి చూసుకునేది.

తిరిగొచ్చి ఎండీ గారి గదిలోకి వెళ్లాను. అరవాలని వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆయన, "తెలిసిందమ్మా" అన్నాడు. ముందున్న తెర మీద ఆ అల ఫొటో ఉంది. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మీరు చెప్పారు కదా, నేనే వినలేదు" అన్నాడు. అక్కడే నా ముందే హైదరాబాద్‌కు ఫోన్ చేసి, ఆ అబ్బాయి "చూస్తానండి" అనగానే నేనెప్పుడూ వినని బూతు ఒకటి తిట్టాడు. మర్నాడు భోజనాల వేళకు పని అయిపోయింది. ప్రతి వార్త మీదా తేదీ, వేళ, పైన, పెద్దగా. అల ఫొటో పోయింది. పాత వార్తల పెట్టె పోయింది. తుపాను దాటిపోగానే ఆ వార్త మీద "ఇది ముగిసింది" అని ఎర్రగా పడేలా చేశారు. నేను ఏళ్ల తరబడి బతిమాలిన పనికి ఒక పూట చాలింది. ఆ సాయంత్రం ఆ పేజీ చూసి బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆ మధ్యలో, సైట్ మారడానికి ముందు పూట, మా వాళ్లు ఆ పిల్లవాడి చావు వార్త కూడా అలవాటు ప్రకారం పెట్టేశారు. టీవీలో చదివినదే. "ఈరోజు ఉదయం మృతదేహం తీరానికి కొట్టుకొచ్చింది" అని మొదలవుతుంది. పెళ్లి ఫొటోలోంచి కత్తిరించిన అతని మొహం, ఊరి పేరుతో సహా. మా సైట్‌లో దాని మీద తేదీ వేయించాను. కానీ అప్పటికే దాన్ని ఎత్తుకుపోయి ఎవరెవరో తమ సైట్లలో పెట్టుకున్నారు. తేదీ లేకుండా. వాళ్లకు చిరునామా ఉండదు, ఫోన్ నంబరు ఉండదు. రాస్తే జవాబు రాదు. నేను రిటైరయ్యాక కూడా రాస్తూనే ఉన్నాను.

చేపలావిడ తెనాలి రావడం తగ్గించింది. రేపల్లెలోనే అమ్ముకుని వెళ్లిపోతుంది. అందుకని నేనే అప్పుడప్పుడు వెళ్లి వస్తుంటాను. మొన్న, బాపట్ల సమావేశం అయిన వారానికి, మళ్లీ వెళ్లాను. ఇంటి ముందు వల పరిచి చేపలు ఎండబెట్టింది. తమ్ముడి భార్య పుట్టింటికి వెళ్లకుండా ఆవిడ దగ్గరే ఉంటోంది, లోపల అన్నం వండుతోంది. నేను పీట వేసుకుని కూర్చుని ఈ సైట్ల సంగతి చెబుతూ వాళ్లను తిడుతున్నాను. ఆవిడ చేపలు తిప్పుతూ వింటోంది.

"కాకినాడ వైపు మా వాళ్లు శానామంది ఉన్నారమ్మా" అంది. "ఆళ్లకి ఇప్పుడిప్పుడే తెలుస్తంది. ఆ మధ్య ఒకళ్లు ఫోన్ చేసి ఏడ్చారు. మొన్న సంకురాత్రి ముందు ఒకళ్లు వొచ్చి ఏడ్చిపోయారు. ఆళ్ల ఫోన్లో ఇయ్యాలే పోయాడని ఉంటదంట గదా."

ఆవిడ ఆ మాట చాలా మామూలుగా అంది. 

అంతలోనే రోడ్డు మీద ఆటో ఆగింది. ఒక ముసలావిడ, ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగమనిషి దిగారు. ఆటో దిగుతూనే ముసలావిడ గుండెలు బాదుకుంటూ, "నా నాయనో, ఎంత పని జరిగిందిరో" అని ఏడుపు అందుకుంది. మగమనిషి చేతిలో ఫోన్ ఉంది. రాత్రంతా ప్రయాణం చేసినట్టున్నారు, బట్టలు నలిగిపోయి ఉన్నాయి. నేను లేచాను. ఎదురెళ్లి చెప్పాలి, ఇది ఈనాటి మాట కాదు, రెండేళ్లు దాటిపోయింది, ఆ ఫోన్‌ను నమ్మకండి అని. అంతకంటే నేను చెయ్యగల పని ఇంకేముంది?

ఆవిడ నా కొంగు పట్టుకుని ఆపింది.

"చెప్పమాకమ్మా" అంది మెల్లగా. "అంత దూరం నుంచి ఏడ్చుకుంటా వొచ్చారు. ఎప్పుడో పోయాడని చెబితే ఆళ్లు మొహం ఎక్కడ పెట్టుకుంటారు?"

చేతులు చీరకు తుడుచుకుంది. లోపలికి తలతిప్పి, "అమ్మాయ్, పొయ్యి మీద అన్నం దించి రా, మనోళ్లు వొచ్చారు" అని మరదలిని కేకేసింది. జుట్టు ముడి విప్పుకుంది. వాకిట్లోకి ఎదురెళ్లి ఆ ముసలావిడను గట్టిగా వాటేసుకుని, తమ్ముడు ఆ పొద్దునే పోయినట్టు ఏడవడం మొదలుపెట్టింది.